ప్రశ్నపత్రముపై బాలుడు వ్రాయవచ్చునా? – చారిత్రక పరిశీలనము

పరీక్ష యనగనే ఎల్లరకును స్మరణకు వచ్చునవి రెండు కాగితములు. ఒకటి ప్రశ్నలు గలది. రెండవది జవాబులు వ్రాయునది. మొదటిదానిపై గీత గీయరాదనియు, రెండవదానిపై మాత్రమే కలము నడువవలెననియు బడిలో చిన్ననాటనే చెప్పుదురు. ఐదవ తరగతి బాలుడు ప్రవేశపరీక్షకు బయలుదేరునాడు తండ్రి చెప్పు హితవులలో ఇదియు నొకటి. కాని పరీక్షాశాలలో కూర్చున్న పిమ్మట ఆ బాలునికి కూడికయో, భాగహారమో చేసికొనుటకు చోటు కావలసివచ్చును. బల్లపై వ్రాయరాదు, అరచేతిపై వ్రాయరాదు, జవాబు పత్రముపై వ్రాయరాదు. ప్రశ్నపత్రముపై వ్రాయవచ్చునో, కూడదో ఎరుగడు. అడుగుటకు భయము. అట్టి సందిగ్ధావస్థలో నిమిషములు గడచిపోవును.

చూచుట కిది చిన్న విషయము. అయినను ఉచిత విద్య, ఉచిత భోజనము, ఉచిత వసతి గల పాఠశాలలో సీటు లభించుటయో, తప్పుటయో ఒక్క మార్కుతో తేలునపుడు ఏ విషయమును చిన్నది కాజాలదు. వ్రాయవచ్చునా, వ్రాయరాదా యను ఈ విధి ఎట్లు పుట్టెను, ఎవరి సౌకర్యము కొరకు పుట్టెను, అది బాలునికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యను సంగతులను చరిత్రాధారముగ విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

తెలుగునాట పూర్వపు వీధిబడులలో ప్రశ్నపత్రమను వస్తువే లేదు. ప్రశ్న గురువు నోట నుండెను. జవాబు శిష్యుని నోట నుండెను. ఎక్కములు, పద్యములు, అమరము – సర్వమును వల్లెవేసి యప్పగించుటయే పరీక్ష. వ్రాత నేర్చుటకు ఇసుక ఆధారము. వ్రేలితో ఓనమాలు దిద్దుట, తప్పినచో అరచేతితో చెరిపి మరల దిద్దుట. 1823లో బళ్లారి కలెక్టరుగా నుండిన ఏ. డి. కాంబెల్ ప్రభుత్వమునకు పంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును గలరని లెక్క చెప్పెను. నేటి అనంతపురము ప్రాంతము నాడు ఆ జిల్లాలోనిదే. పిల్లలు ఇసుకపై వ్రాయుటను, పెద్దపిల్లలు చిన్నవారికి పాఠము చెప్పుటను ఆతడు ప్రశంసాపూర్వకముగ వర్ణించెను. అంతకుముందే, 1789లో మదరాసు ఎగ్మూరునందలి అనాథబాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ ఈ ఇసుక వ్రాతను చూచి తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనునందు గ్రంథము ప్రకటించెను. ఆ పద్ధతి మదరాసు పద్ధతి యను పేర సీమలో వ్యాపించెను.

ఇసుకకు ఒక సుగుణము కలదు. అది బాలుని తప్పును దాచియుంచదు. పలకయు నట్టిదే. ఆలోచించుటకు ఒక చోటు, తప్పు చేయుటకు ఒక చోటు, తప్పును చెరుపుటకు ఒక చోటు – ఈ మూడును ఒక్కటియై పసివాని యొడిలోనే యుండెను. కాగితముపై పరీక్ష వచ్చిన పిమ్మట ఈ చోటు ఏమాయెనన్నదే అసలు ప్రశ్న.

కాగితముపై పరీక్ష జరుపుటలో చీనాదేశము ప్రపంచమునకు గురుస్థానము. సూయీ వంశపు రాజుల కాలమున మొదలిడి 1905 వరకు, అనగా ఇంచుమించు పదుమూడు శతాబ్దములు, ఆ దేశమున ప్రభుత్వోద్యోగములకు పరీక్షలు జరిగెను. అభ్యర్థి ముందుగా చిత్తుప్రతి వ్రాసికొని, పిమ్మట నల్లసిరాతో శుద్ధప్రతి వ్రాయుచుండెను. అంతటితో పని ముగియలేదు. వ్రాతను బట్టి పరీక్షకుడు మనిషిని పోల్చుకొనునేమో యను శంకతో, 11వ శతాబ్ది ఆరంభము నుండి, అభ్యర్థి పేరును కప్పివేసి, లేఖకులచే ఆ జవాబు నంతయు వేరొక కాగితముపైకి ఎత్తివ్రాయించుచుండిరి. తరువాతి కాలమున ఈ ప్రతికి ఎఱ్ఱసిరా వాడుక యయ్యెను. పరీక్షకుని చేతికి వచ్చునది ఈ ఎఱ్ఱప్రతియే.

ఇచ్చట ముఖ్యముగ గమనింపదగిన విశేష మొకటి కలదు. ఎత్తివ్రాయుటయందు పొరపాటు దొరలుట మానవసహజమని ఆ ప్రభుత్వ మెరుగును. కావుననే నల్లప్రతిని, ఎఱ్ఱప్రతిని ప్రక్కప్రక్కన నుంచి అక్షరమక్షరము సరిచూచుటకు వేరుగ పాఠకులను నియమించెను. లేఖకుని తప్పునకు అభ్యర్థి నష్టపోరాదన్నది అందలి ధర్మము. లెక్కల వ్యవహారము తెలిసినవారి కిది సుబోధము. చిట్టాలోని పద్దు ఆవర్జాకు ఎక్కునపుడే తప్పు ప్రవేశించును. లెక్క కట్టుటలో తప్పు తక్కువ, ఎక్కించుటలో తప్పు ఎక్కువ. అందుచేతనే ఒకడు చదువగా నింకొకడు సరిచూచు ఆచారము కచేరీలలో నేర్పడెను.

ఐరోపాఖండమున వ్రాతపరీక్ష చాల ఆలస్యముగ వచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 18వ శతాబ్దిలో గూడ పరీక్ష యనిన లాటిను భాషలో వాదోపవాదములే. క్రమముగ గణితప్రశ్నలకు వ్రాసి జవాబిచ్చుట వాడుకలోనికి వచ్చెను. ఆరంభమున పరీక్షకుడు ప్రశ్నను పైకి చదువగా విద్యార్థులు విని జవాబు వ్రాయుచుండిరి. అచ్చుప్రశ్నపత్రము స్థిరపడుటకు 19వ శతాబ్ది రావలసివచ్చెను. అమెరికాలోని బోస్టను నగరమున 1845లో హొరేస్ మాన్ మిత్రులు బడిపిల్లలకు నోటిపరీక్షకు మారుగా అచ్చుప్రశ్నలతో వ్రాతపరీక్ష జరిపిరి. అందరికి ఒకే ప్రశ్న, ఒకే కాలపరిమితి యుండుటచేత పక్షపాతమునకు తావు లేదని మాన్ వాదించెను. ఆ వాదము నేటికిని చెల్లుచున్నది.

భారతదేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు స్థాపితమయ్యెను. వానిలో ప్రవేశించుటకు మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టిరి. తెలుగు బాలురకు అచ్చుప్రశ్నపత్రము, జవాబు పుస్తకము అను జంట ఈ మార్గముననే పరిచయమయ్యెను. నాటి ప్రశ్నలు రెండు మూడు పంక్తులవి, జవాబులు పుటలకొలది. కావున రెండింటికి వేర్వేరు కాగితములు అవసరమే. చిత్తులెక్కకు చిక్కు లేదు. జవాబు పుస్తకములోనే ప్రక్కన గీత గీసి లెక్క చేసికొనవచ్చును. ప్రశ్నపత్రముపై వ్రాయరాదను కట్టుబాటునకు ముఖ్యహేతువు వేరు. జవాబు గుర్తులు వ్రాసిన ప్రశ్నపత్రము ఒకరి చేతినుండి ఇంకొకరి చేతికి పోవునను అనుమానమే అది. అనగా ఆ నిషేధము దొంగతనమును వారించుటకు ఏర్పడినదే గాని, చదువునకు సంబంధించినది గాదు.

చిన్నపిల్లల ప్రవేశపరీక్షల చరిత్ర ఇంకొక మార్గమున నడచినది. ఇంగ్లండులో 1907 నాటి నిబంధనల ప్రకారము ప్రభుత్వసహాయము పొందు సెకండరీ పాఠశాలలు తమ సీట్లలో నాలుగవ వంతు ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఫీజు లేకుండ ఈయవలసి యుండెను. ఆ సీట్లకై పరీక్ష. కాని ఉత్తరసీమయందలి నార్తంబర్లాండు మండలములో మారుమూల పల్లెబడుల నుండి ఆ పరీక్షకు అభ్యర్థులే వచ్చుట లేదని అధికారులు గ్రహించిరి. పల్లెలలో తెలివిగల పిల్లలు లేక గాదు. వారిని గుర్తించువారు లేక. న్యూకాసిల్ కళాశాలలో ఆచార్యుడైన గాడ్‌ఫ్రే థామ్సన్ అనునాతనికి ఈ పని యప్పగించిరి. ఆతడును స్వయముగ విద్యార్థివేతనములతో పైకి వచ్చినవాడే. బడి చదువు తక్కువైనను బుద్ధి యెక్కువయైన పిల్లవాడు బయటపడునట్లు 1921లో ఆతడు నూతన పరీక్షను కూర్చెను.

ఆ పరీక్ష రూపము ఇచ్చటి విషయమునకు ముఖ్యము. అది చిన్న అచ్చుపుస్తకము. ప్రశ్న యున్నచోటనే, దాని క్రిందనో, ప్రక్కనో, బాలుడు జవాబు వ్రాయవలెను, లేక సరియైన మాటక్రింద గీత గీయవలెను. వేరే జవాబు పత్రము లేదు. 1925లో థామ్సన్ ఎడింబరోకు పోయి మోరే హౌస్ యను విద్యాలయమున ఈ పరీక్షల నభివృద్ధి చేసెను. 1932 జూను 1వ తేదీన స్కాట్లండు దేశమందంతటను 1921లో పుట్టిన పిల్లలు 87,498 మంది ఆ పరీక్ష వ్రాసిరి; మరల 1947లో, 1936లో పుట్టినవారు 70,805 మంది వ్రాసిరి. వీరందరును ప్రశ్నపుస్తకముపైననే వ్రాసిరి. ఉపాధ్యాయులు కూర్చుండి చేతితో దిద్దిరి. ఈ పరీక్షలపై వచ్చిన ధనమును థామ్సన్ సొంతమునకు వాడుకొనక పరిశోధనకే వినియోగించెను.

1944 నాటి విద్యాచట్టము పిమ్మట ఇంగ్లండులో పదునొకండవ యేట పిల్లలను వేరుచేయు ప్రవేశపరీక్ష అంతటను వ్యాపించెను. నెగ్గినవాడు గ్రామరు స్కూలునకు, తక్కినవాడు సాధారణ పాఠశాలకు పోవలెను. బాలుని భావిజీవితము ఒక యుదయమున నిర్ణయమగుచున్నదని తల్లిదండ్రులు విలపించిరి. 1965 నుండి పెక్కు మండలములు ఆ పరీక్షను విడిచెను. అయినను నేటికిని 163 గ్రామరు స్కూళ్లు అచ్చట నిలిచియున్నవి. వాని పరీక్షలలో రెండు సంప్రదాయములు గలవు. ఒకదానియందు ప్రశ్నపుస్తకములోనే జవాబు వ్రాయవలెను. రెండవదానియందు వేరొక పత్రముపై గీత గుర్తింపవలెను. ఒకే దేశము, ఒకే వయస్సు, ఒకే ప్రయోజనము. విధి మాత్రము రెండు తెరగులు. ప్రశ్నపత్రముపై వ్రాయరాదనుట విద్యాశాస్త్రము విధించిన నియమము గాదని దీనివలననే తేలుచున్నది.

అట్లయిన ఆ రెండవ తెరగు ఎచ్చటనుండి వచ్చెను? అమెరికానుండి. కాన్సాస్ రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త 1914–15 ప్రాంతమున పిల్లల పఠనశక్తిని కొలుచుటకు, జవాబు వ్రాయనక్కరలేక గుర్తు పెట్టినచో చాలునను పరీక్షను రచించెను. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశింపగా సైనికులను వడపోయుటకు అట్టి పరీక్షలనే వాడిరి. ఆల్ఫా, బీటా యను రెండు పరీక్షలు కలిసి సుమారు 17 లక్షల మందికి జరిగెను. వీనిలో గూడ ప్రశ్నపుస్తకముపైననే గుర్తు పెట్టుట. దిద్దువారు రంధ్రములు గల అట్టను పుటపై నుంచి మార్కులు లెక్కించుచుండిరి. లక్షల పుస్తకములను అట్లు దిద్దుటకు జనము చాలలేదు.

ఈ కష్టమునకు ఉపాయము కనుగొనినవాడు మిచిగన్ రాష్ట్రమున ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు, రెనాల్డ్ జాన్సన్. పెన్సిలులోని నల్లపదార్థము విద్యుత్తును ప్రసరింపజేయును. ఆతడు బాల్యమున మోటారుకార్ల ప్లగ్గులపై పెన్సిలు గీతలు గీసి వానిని కదలకుండ చేసి వినోదించెడివాడని చెప్పుదురు. ఆ చిలిపితనమే యంత్రమునకు మూలమయ్యెను. బాలుడు పెన్సిలుతో నిర్ణీతస్థలమున గుర్తు పెట్టినచో ఆ గుర్తు గుండ విద్యుత్తు ప్రవహించి మార్కులను సూచించును. ఐ.బి.ఎం. సంస్థ ఆతనిని చేర్చుకొని 1938లో 805 అను సంఖ్యతో ఆ యంత్రమును విపణిలోనికి తెచ్చెను. నేర్పరియైన పనివాడు దానితో గంటకు సుమారు 800 పత్రములను దిద్దగలడు. ఈ జాన్సనే పిమ్మట గణనయంత్రములలో వాడు అయస్కాంతపు డిస్కు నిర్మాణమునకు నాయకత్వము వహించెను. 1955లో అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లిండ్‌క్విస్టు విద్యుత్తునకు బదులు వెలుతురుతో గుర్తులను చదువు యంత్రమును నిర్మించెను. నేటి ఓ.ఎమ్.ఆర్. షీటు ఆ వంశములోనిదే.

యంత్రము పుస్తకమును మింగలేదు. ఒక్క పత్రమునే మింగగలదు. అందువలన జవాబు ప్రశ్ననుండి విడిపోయి వేరొక పత్రమునకు చేరెను. దానితోపాటు ఇంకొక లాభము కలిగెను. జవాబులు వేరైనందున ప్రశ్నపుస్తకము చెడదు. మరుసటి యేడు వేరొక తరగతికి అదే పుస్తకము నీయవచ్చును. ఈ పొదుపు కొరకే అమెరికా పాఠశాలలలో 'ఈ పుస్తకముపై ఏమియు వ్రాయరాదు' అను ఆజ్ఞ తరచుగ అట్టపై కెక్కెను. ఇట్లు పరికించినచో నిషేధమునకు హేతువులు నాలుగు గలవు: కాపీని వారించుట, ప్రశ్నల రహస్యమును కాపాడుట, కాగితము పొదుపు, యంత్రము సౌకర్యము. నాలుగును పరీక్ష నడుపువారి యవసరములే. బాలుని బుద్ధి వికసించుటకు ఉపకరించు హేతువు వీనిలో ఒక్కటియు లేదు.

పైగా బాలునికి క్రొత్త పని యొకటి యేర్పడెను. లెక్క చేయుట యొకటి, జవాబు నెన్నుకొనుట రెండు, ప్రశ్నసంఖ్యను జ్ఞాపకముంచుకొని వేరొక పత్రమున ఆ సంఖ్యను వెదకి గుర్తు పెట్టుట మూడు. ఈ మూడవది విద్య గాదు, గుమాస్తాపని. 1969లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము ఒకటవ, రెండవ తరగతుల పిల్లలు ప్రత్యేకపత్రముపై గుర్తించినపుడు, పుస్తకముపై గుర్తించినప్పటికంటె తక్కువ మార్కులు పొందిరి. మూడవ తరగతి వచ్చుసరికి ఆ భేదము తగ్గెను. అందుచేతనే ఆ దేశపు ప్రసిద్ధ పరీక్షలలో శిశుతరగతులకు పుస్తకముపైననే గుర్తు పెట్టు ఏర్పాటు చేసిరి. పెద్దపిల్లలకు ఈ గుమాస్తాపని అలవాటగును. కాని అలవాటనునది అభ్యాసముచేత వచ్చునదే గాని వయస్సుచేత తనంత తాను వచ్చునది గాదు.

ఇక తెలుగునాటి సంగతి. ఇచ్చట ప్రశ్నపత్రముపై వ్రాయుట క్రొత్త గాదు. పదవ తరగతి పబ్లికు పరీక్షలలో బిట్ పేపరు అను రెండవ భాగము దశాబ్దముల తరబడి యుండెను. పరీక్ష చివరి యరగంటలో ఆ పత్రము నిచ్చుచుండిరి. జవాబులను ఆ ప్రశ్నపత్రముపైననే వ్రాసి, దారముతో ప్రధానమైన జవాబు పత్రమునకు కట్టి యీయవలెను. ఒకే పరీక్షలో ఒక భాగమున ప్రశ్నపత్రముపై వ్రాయుట తప్పు. రెండవ భాగమున వ్రాయకుండుట తప్పు. అయినను లక్షల విద్యార్థులు చిక్కుపడక వ్రాసిరి. ఏలయన, ఆ విధిని ఉపాధ్యాయులు ఏడాది పొడుగున తరగతి పరీక్షలలోనే అలవాటు చేయించిరి.

చిన్నతరగతుల ప్రవేశపరీక్షలకు తెలుగునాట గౌరవము తెచ్చినవి గురుకులములు. 1971లో, పి. వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నుండగా, నాటి నల్లగొండ జిల్లా సర్వేలునందు తొలి గురుకుల పాఠశాల నెలకొనెను. మరుసటి యేడు గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టివే వెలసెను. పల్లెలలో పుట్టిన బీదపిల్లలు ఎందరో వానిలో చదివి ఉన్నతస్థానముల నలంకరించిరి. పిమ్మట 1985–86లో జవాహర్ నవోదయ విద్యాలయముల పథకము మొదలాయెను. జిల్లాకొక విద్యాలయము, సీట్లలో నూటికి 75కు తగ్గకుండ గ్రామీణ బాలబాలికలకు. తమిళనాడు దక్క దేశమంతట 650కి పైగా విద్యాలయములు ఈ పథకము క్రింద నేర్పడెను. థామ్సన్ నార్తంబర్లాండు పల్లెలలో తలపెట్టిన కార్యమునకును, ఈ పథకమునకును ఆశయ మొక్కటే. మారుమూలనున్న ప్రతిభను వెదకి తెచ్చుట.

ఆశయ మొక్కటియే గాని పత్రము మాత్రము మారినది. నార్తంబర్లాండు బాలుడు ప్రశ్న క్రిందనే వ్రాసెను. 2020 తరువాతి నవోదయ పరీక్షలలో ఐదవ తరగతి పిల్లవాడు 2 గంటలలో 80 ప్రశ్నలకు జవాబులెన్ని, ఓ.ఎమ్.ఆర్. షీటుపై బాల్‌పాయింటు పెన్నుతో వృత్తములు దిద్దవలెను. పెన్సిలు కూడదు, దిద్దిన వృత్తమును చెరుపుట కుదరదు. తెలంగాణమున గురుకులముల ఐదవ తరగతి ప్రవేశపరీక్షలో నాలుగవ తరగతి పసివారే ఇట్టి షీటును ఎదుర్కొనుచున్నారు.

ఒక లెక్క చూడుడు. 80 ప్రశ్నలకు 100 మార్కులు. అనగా ప్రశ్న కొక మార్కుంబావు. కాలము 120 నిమిషములు. అనగా ప్రశ్నకు నిమిషమున్నర. ఒక బాలుడు ఒక ప్రశ్న తెలియక వదలిపెట్టెననుకొందము. పుస్తకములో వదలెను గాని షీటుపై వరుసను వదలుట మరచెను. తరువాతి పది జవాబులును ఒక వరుస మీదికి జరిగిపోయెను. పదియు సరియైనవే. కాని యంత్రమునకు అవి తప్పులు. ప్రశ్నకు నాలుగు వికల్పములగుటచే రెండో, మూడో దైవికముగ సరిపడవచ్చును. తక్కిన ఏడెనిమిదింటికి తొమ్మిది, పది మార్కులు పోవును. బాలునికి గణితము వచ్చును, భాష వచ్చును, తర్కము వచ్చును. రానిది పద్దు ఎక్కించుట మాత్రమే. ఒక విద్యాలయమున సీట్లు 80కి మించవు. ఒక్క మార్కునకు వరుసగ ఎందరో నిలుచు చోట పది మార్కులు పోయినవాని గతి వేరుగ చెప్పనక్కరలేదు. చీనా చక్రవర్తి పెద్దవారికి నియమించిన సరిచూచు పాఠకుడు ఈ పదేండ్ల పసివానికి లేడు. తానే అభ్యర్థి, తానే లేఖకుడు, తానే సరిచూచువాడు.

ఇచ్చటనే ప్రశ్నపుస్తకముపై వ్రాయుట యొక్క విలువ తెలియును. బాలుడు తానెన్నుకొనిన జవాబునకు ప్రశ్నపుస్తకములో ముందుగ చిన్న గుర్తు పెట్టుకొని, పుట ముగియగనే షీటుపై దిద్దినచో, చివర పది నిమిషములు రెండింటిని సరిచూచుకొనుటకు ఆధార ముండును. పుస్తకము శుభ్రముగ నున్నచో సరిచూచుటకు ఏమియు లేదు. లెక్కలన్నియు మరల చేయవలెను. చిట్టా లేని ఆవర్జాను ఎవరు తనిఖీ చేయగలరు?

దీనికి ప్రతివాదము చేయువారు గలరు. చిత్తు వ్రాత అలవాటైన పిల్లవాడు మనోగణనము మరచుననియు, కాగితమును శుభ్రముగ నుంచుట క్రమశిక్షణ యనియు, అందరికి ఒకే విధి యున్నచో అన్యాయము లేదనియు వారి వాదము. మొదటిది కొంత నిజము. ఎక్కములు నోటికి వచ్చిన పిల్లవానికి చిత్తు తక్కువ పట్టును. కాని మనోగణనమును కొలువదలచినచో దానికి వేరుగ పరీక్ష పెట్టవలెను. భిన్నములు, వడ్డీలెక్కలు నిచ్చి చోటీయకుండుట, ఈత పరీక్షించుటకై చేతులు కట్టివైచుట వంటిది. రెండవదానికి సమాధానము: శుభ్రత శుద్ధప్రతికి భూషణము, చిత్తుప్రతికి శుభ్రత కోరువాడు చిత్తు అను మాట కర్థము నెరుగడు. మూడవ వాదమే బలమైనది. విధి యందరికి ఒక్కటే. కాని ఆ విధి ముందుగ తెలిసినవాడు ఒకడు, పరీక్షాశాలలో తొలిసారి చూచినవాడు ఇంకొకడు అయినపుడు ఆ సమానత్వము అట్టపై మాత్రమే యుండును.

పట్టణములలో శిక్షణ కేంద్రములు గలవు. అచ్చటి పిల్లవాడు పరీక్షకు ముందే పదుల కొలది షీట్లు దిద్దియుండును. పల్లెటూరి పిల్లకు ఆ షీటు పరీక్షనాడే దర్శనమిచ్చును. ఈ అసమానత ఇంగ్లండులోను పుట్టెను. థామ్సన్ పల్లెపిల్లలకై కూర్చిన పరీక్షలకు కాలక్రమమున ట్యూషన్లు వెలసెను. 1950 తరువాత అచ్చటి మనస్తత్త్వశాస్త్రజ్ఞులు, ముఖ్యముగ ఫిలిప్ వెర్నను, ఈ విషయమును పరిశోధించి ఒక మేలైన సత్యమును కనుగొనిరి. పరీక్ష రూపమును పరిచయము చేయు కొలది గంటల అభ్యాసముచేతనే మార్కులు గణనీయముగ పెరుగును. పిమ్మట నెలల కొలది శిక్షణ యిచ్చినను పెరుగుదల అంతంతమాత్రమే. ఈ సత్యము బీదవానికి గొప్ప ఊరట. నెలల శిక్షణకు ధనము కావలెను. కొలది గంటల పరిచయమునకు మంచిమనస్సు చాలును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ప్రశ్నపత్రముపై బాలుడు వ్రాయవచ్చునా యన్న ఆ పత్రము ఏ జాతికి చెందినదో చూచి చెప్పవలెను. జవాబు పుస్తకము వేరుగనిచ్చు పరీక్షలో, పుటలలో చోటున్నందున, చిత్తు అచ్చటనే వేసికొని ప్రశ్నపత్రముపై తన నంబరు దక్క వేరేమియు వ్రాయకుండుట క్షేమము. బిట్ పేపరు వంటి దానియందు వ్రాయుటయే విధి. ఓ.ఎమ్.ఆర్. షీటు గల పరీక్షలలో షీటుపై చుక్కయైనను అదనముగ పెట్టరాదు. చిత్తులెక్కకు సాధారణముగ ప్రశ్నపుస్తకములోనే చోటు విడిచియుందురు. ఎట్లున్నను ఆ విధి పుస్తకపు తొలిపుటపై అచ్చువేయబడి యుండును. ఆ పుటను చదువుటకు పిల్లలకు ఓర్పు నేర్పవలెను. తెలియనిచో చేయెత్తి అడుగుట తప్పు గాదని ధైర్యము చెప్పవలెను. పరీక్షాధికారులు సైతము ఆ విధిని పిల్లల భాషలో, పెద్దయక్షరములలో ముద్రించి, పరీక్షకు ముందు ఒకసారి బిగ్గరగ చదివి వినిపించినచో ఎందరి భయమో తీరును.

ఈ కార్యమున గ్రామ గ్రంథాలయములు చేయదగిన సేవ యొకటి గలదు. పాత ప్రవేశపరీక్షల ప్రశ్నపుస్తకములను సేకరించి భద్రపరచుట, మాదిరి ఓ.ఎమ్.ఆర్. షీట్లను నకళ్లు తీయించి పిల్లలకు పంచుట, పరీక్షకు ముందు రెండు మూడు ఆదివారములు గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండబెట్టి గడియారము ముందుంచి వ్రాయించుట. చిత్తు ఎచ్చట వేయవలెనో, గుర్తు ఎప్పుడు పెట్టవలెనో, వరుస తప్పినచో ఎట్లు కనుగొనవలెనో అచ్చటనే తెలియును. ఖర్చు స్వల్పము. ఫలము ఒక కుటుంబము యొక్క తరతరములకు చెందును. గ్రంథాలయ మనగా పుస్తకములు చదువుచోటు మాత్రమే గాదు. పసివాడు నిర్భయముగ తప్పుచేసి దిద్దుకొను చోటు గూడ.

వెనుకటి బడిలో ఆ చోటు ఇసుకలో నుండెను. పిమ్మట పలకపై నుండెను. కాగితపు యుగమున అది ప్రశ్నపుస్తకపు అంచున నాలుగు వ్రేళ్ల వెడల్పునకు దిగినది. ఆ నాలుగు వ్రేళ్ల చోటు తనదేనని పల్లెపిల్లకు తెలియజెప్పుట పెద్దల బాధ్యత.